నవాబు బండికి స్వయంచాలక బ్రేకు

పాలిటెక్నిక్ అమ్మాయిల హాస్టలు,
విశాఖపట్నం,
3 ఫిబ్రవరి 2003

ప్రియమైన కృపానిధి మావయ్యకు,

మేనకోడలు షెకీనా ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. ఉభయకుశలోపరి.

పక్కింటివాళ్ళ ఫోనుకు చేస్తే అయిపోయేదానికి ఉత్తరం ఎందుకని అత్త అడుగుతుందని తెలుసు. ఫోనులో చెబితే పావుగంటలో వీధంతా తెలుస్తుంది. అదొక కారణం. అసలు కారణం ఏమిటంటే, హాస్టలు లైబ్రరీలో నాకొక పాత నిఘంటువు దొరికింది. అందులోని మాటలు ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే నాకు అన్నం సహించడం లేదు. నా గదిలో ఉండే పిల్లలు నేను నోరు తెరవగానే బకెట్లు పట్టుకుని నీళ్ళకు వెళ్ళిపోతున్నారు. ఇక మిగిలింది నువ్వే.

గొలుగొండ నుంచి అమ్మ అంతా రాసింది. రైలు వంతెన దిగేటప్పుడు నీ జట్కా జారి చెరకు రసం బండిని గుద్దిందట. బండిలోని బడి పిల్లలకు ఏమీ కాలేదట గానీ, నీ గుర్రం నవాబు మాత్రం ఒలికిన రసాన్ని రోడ్డు మీద మరక కూడా మిగలకుండా నాకేశాడట. కాన్వెంటు సిస్టరు గారు, "బండికి బ్రేకు పెట్టించండి. మార్చి పధ్నాలుగు సాయంత్రం నేనే ఎక్కి చూస్తాను. పనిచేయకపోతే పిల్లల్ని వెంకటరమణ ఆటోలో పంపిస్తాం" అన్నారట. బడి ట్రిప్పు పోతే నవాబును మేపడం నీ వల్ల కాదు కాబట్టి, ఇక్కడ బీచ్‌లో ఫోటోలకు గుర్రాలను నిలబెట్టే ఆయనకు అమ్మేయాల్సిందేనట.

మావయ్యా, నవాబు తలకు రంగు ఈకలు కట్టుకుని ఇసుకలో నిలబడడం నేను ఊహించలేను. వాడికి వానాకాలపు బురదంటేనే అసహ్యం. కాబట్టి మూడు రోజులు క్లాసులో పాఠం వినకుండా శ్రద్ధగా ఆలోచించి, ఒక స్వయంచాలక నిరోధక యంత్రానికి రూపకల్పన చేశాను. (ఎంత బాగుందో చూడు ఆ మాట. రాసేటప్పుడు ఒళ్ళు పులకరించింది.)

సంగతి ఇదీ. వాలులో బండి వెనక నుంచి నవాబును తోస్తుంది. వాడు పడిపోకుండా వెనక్కి ఒరిగి కాచుకుంటాడు. వాడి తొడల వెనక ఒక తోలు పట్టీ వేసి, దాని రెండు చివరలూ వాడికి రెండు పక్కలా వచ్చే బండి కర్రలకు కడతాం. వాడు కాచుకున్నప్పుడల్లా పట్టీ బిగుస్తుంది. పట్టీకి ఒక మోటారు సైకిలు బ్రేకు కేబులు తగిలిస్తే, అది రెండు రబ్బరు దిమ్మలను చక్రాలకు నొక్కుతుంది. బండి తోస్తే బ్రేకు దానంతటదే పడుతుంది, తోయడం మానితే వదిలేస్తుంది. నువ్వు ఏమీ చేయనక్కర్లేదు. నువ్వు ఏమీ చేయకపోవడమే దీని గొప్పతనం.

ఐదో తరగతి దాకా మీ ఇంట్లో ఉండి ఆ బండిలోనే బడికి వెళ్ళాను కదా. నీ "జరగండర్రా ముందుకి!" అనే కేక నాకిప్పటికీ చెవిలో మోగుతుంది. ఆ బండి గురించి నాకు తెలియనిది లేదు. నన్ను నమ్ము.

నీ మేనకోడలు,
షెకీనా

తా.క. బొమ్మ వెనకవైపు గీశాను. గుర్రం సరిగా రాలేదు. మధ్యలో ఉన్నది నవాబే.


అనకాపల్లి,
11 ఫిబ్రవరి 2003

మా బంగారు షెకీనాకు,

కృపానిధి మావయ్య, సువార్త అత్త దీవెనలు. దేవుడి దయవల్ల మేమిద్దరమూ, నవాబూ బాగున్నాం.

ఈ ఉత్తరం వొద్దికగా అచ్చు పుస్తకంలోలాగా రాస్తున్నాను. క్రిస్మసుకు నేను మాట్లాడినట్టే రాసి పంపితే, నువ్వు ఎర్ర సిరాతో దిద్ది, కింద పదికి నాలుగు మార్కులు వేసి తిప్పి పంపించావు. అది మీ అత్త గోడకు అంటించింది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

నీ బ్రేకు సామాను కొనుక్కుని వెల్డింగు నానాజీ దగ్గరకు వెళ్ళాను. కేబులు దొరికింది. లారీ టైరు ముక్క దొరికింది. తోలు పట్టీ మన పాత జీనుదే, రంధ్రాలతో సహా సరిపోయింది. కానీ ఉత్తరం మొదట్లో రాసిన ఆ ఉభయకుశలోపరి అనేది ఎక్కడ బిగించాలో నువ్వు రాయలేదు. నానాజీ బుర్ర గోక్కుని, "మావా, ఆ ఐటం నా కాడ లేదు. గాజువాకలో దొరుకుద్దేమో, ఓ పాలి సూసి రా" అన్నాడు. నేను బస్సెక్కబోతుంటే మీ అత్త ఆపింది. "అది లేకుండా బిగించేయండి. పని సెయ్యకపోతే అప్పుడు సూద్దుం" అంది. అలాగే చేశాం.

షెకీనా, ఏం చెప్పమంటావు! నిన్న ఖాళీ బండితో ఒకసారి, ఇవాళ పిల్లలతో రెండుసార్లు వంతెన దిగాను. వాలు మొదలవగానే నవాబు వెనక్కి కాచుకున్నాడు, దిమ్మలు చక్రాలను పట్టుకున్నాయి, బండి పెళ్ళికూతురు పీట మీదకు వచ్చినట్టు దిగింది. చివర్లో నేను పగ్గాలు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం అన్నాను. ఎదురుగా వెంకటరమణ ఆటో ఆపి చూశాడు.

"ఏటి బావా, గుర్రానికి బ్రేకెయించేవంట? ముందు నీ నోటికెయించాల్సింది" అన్నాడు.

"మా మేనకోడలు ఇంజనీరమ్మ సేసింది. నీ ఆటోకి కావాలంటే సెప్పు, ఓ గుర్రాన్ని కొనుక్కుని రా" అన్నాను. నాకు ఆ క్షణానికి అంతకన్నా మంచి మాట తోచలేదు.

ఇట్లు,
మీ మావయ్య కృపానిధి

తా.క. నీ బొమ్మలో గుర్రానికి ఐదు కాళ్ళున్నాయి. ఐదోది బ్రేకేమో అని నానాజీ ఇనప ఊచ కోయబోయాడు. ఇంకా నయం.


పాలిటెక్నిక్ హాస్టలు,
13 ఫిబ్రవరి 2003

విజయసారథి కృపానిధి మావయ్యకు,

వందనాలు. ఉభయకుశలోపరి అంటే "ఇక్కడ నేనూ అక్కడ మీరూ క్షేమం, ఇక మీదట విషయం" అని అర్థం. అది బిగించేది కాదు. అది లేకుండా కూడా యంత్రం పనిచేసిందంటే నా రూపకల్పన ఎంత పటిష్ఠమైనదో చూడు.

నీ ఉత్తరం చదివి గదిలో గంతులేశాను. వెంటనే మా లెక్చరరు గారి దగ్గరకు వెళ్ళి, దీన్నే నా ప్రాజెక్టుగా పెట్టుకుంటానని చెప్పాను. "ఆటోమేటిక్ అంటే మనిషి ప్రమేయం ఉండకూడదమ్మా, ఆలోచించుకున్నావా?" అన్నారు. "మా మావయ్య ప్రమేయం ఉంటే అసలు ప్రమాదమే సార్" అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టారు. రికార్డు పుస్తకం మొదటి పేజీలో "స్వయంచాలక నిరోధక యంత్రము" అని రంగుల స్కెచ్ పెన్నులతో రాశాను. లోపల ఇంకా ఏమీ రాయలేదు. మొదటి పేజీయే తిప్పి తిప్పి చూసుకుంటున్నాను.

నిన్న సాయంత్రం కొంచెం రాద్దామని కూర్చున్నాను గానీ కుదరలేదు. ప్రపంచ కప్పు క్రికెట్టట. మనవాళ్ళ ఆటట. హాస్టలంతా టీవీ గదిలో చేరి ఒకటే గోల. పట్టుదలగా చదువుకునే పిల్లలు కూడా కిటికీలు పట్టుకుని వేలాడారు. మనిషి బుద్ధి ఎంత బలహీనమో అని విచారిస్తూ, నేనొక్కదాన్నే నీ బండి చక్రం చుట్టుకొలత లెక్కగట్టాను.

నీ గర్విష్ఠి మేనకోడలు,
షెకీనా

తా.క. చుట్టుకొలత మూడుసార్లు వేస్తే మూడు జవాబులు వచ్చాయి. అందులో అన్నిటికన్నా అందంగా ఉన్నది తీసుకున్నాను.


అనకాపల్లి,
20 ఫిబ్రవరి 2003

మా బంగారు షెకీనాకు,

దీవెనలు. మేం క్షేమం. బ్రేకుకు మాత్రం ఏదో పట్టింది.

వంతెన మీద బాగానే పడుతోంది. పొద్దుటి ట్రిప్పులో ఏ గొడవా లేదు. సాయంత్రం బడి నుంచి వచ్చేటప్పుడు, వంతెనకు ఇంకా ఇవతలే, చదునైన మెయిన్‌రోడ్డు మీద, త్రినాధరావు టీవీల షాపు దాటీ దాటగానే బండి టక్కున ఆగిపోతోంది. మొదట పోయిన బుధవారం ఆగింది. మళ్ళీ శనివారం ఆగింది. నిన్న బుధవారం మళ్ళీ ఆగింది. మిగతా రోజులు ఆగలేదు.

ఆగినప్పుడల్లా నేను దిగి ముందుకు వెళ్ళి నవాబు మొహం చూస్తాను. వాడు నా మొహం చూస్తాడు. ఇద్దరికీ ఏమీ తెలియదు. కాస్సేపటికి దానంతటదే వదిలేస్తుంది. పిల్లలే నయం, ఒక్కరూ విసుక్కోరు. బండి గూడు వెనక నుంచి కేకేసి, "పాపం తాతా, నవాబుకి రెస్టివ్వు తాతా, మాకు తొందరేటీ లేదు" అంటారు. ఈ కాలంలో ఇంత జాలిగుండె పిల్లలు ఉంటారా! మీ అత్తకు చెప్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

త్రినాధరావు మాత్రం కుర్చీ పట్టుకుని బయటకు వచ్చాడు. "ఏటి కృపానిధీ, రోజూ నా షాపు కాడే ఆపుతున్నావు? కలర్ టీవీ మీద మనసైందా? మొగమాటపడకు, వాయిదాల మీద ఇత్తాను" అన్నాడు. నేను లేదంటే నమ్మడు. ఒక టీవీకి నా పేరు రాసి పక్కన పెట్టాడట.

మీ అత్త లెక్క వేరు. బుధవారం మందిరంలో స్త్రీల కూడిక ఉంటుంది, నేను పాటలు విని చాలా వారాలైంది కాబట్టి దేవుడే బండిని ఆపుతున్నాడంటోంది. మరి శనివారం ఎందుకంటే, "శనోరం మీరు స్నానం సెయ్యలేదు" అంది.

వెంటనే రాయి. సిస్టరు గారు ఎక్కిన రోజున ఇలా నడిరోడ్డు మీద ఆగితే ట్రిప్పు వెంకటరమణకే పోతుంది.

ఇట్లు,
మీ మావయ్య

తా.క. వెంకటరమణ మన బండి ఆగిన చోట ఆటో ఆపుకుని, "తోయమంటావేటి బావా?" అని ప్రేమగా అడుగుతున్నాడు. నాకు కోపం వచ్చేది అదే. ప్రేమగా అడగడం.


పాలిటెక్నిక్ హాస్టలు,
22 ఫిబ్రవరి 2003

ప్రియమైన మావయ్యకు,

వందనాలు. భయపడకు. శాస్త్రం ముందు ఏ రహస్యమూ నిలవదు.

నీ ఉత్తరం రాగానే గ్రాఫు కాగితం మీద వారాలు ఒకవైపు, ఆగడం ఒకవైపు పెట్టి చుక్కలు పెట్టాను. చుక్కల్ని కలిపితే ఒంటె మూపురంలా వచ్చింది. దాన్ని అరగంట చూశాను. అప్పుడు తట్టింది. తేమ!

పొద్దుట ఎండకు తోలు పట్టీ సాగి ఉంటుంది. సాయంత్రానికి సముద్రం మీద నుంచి తేమగాలి వీస్తుంది. తోలు ముడుచుకుంటుంది. పట్టీ బిగుస్తుంది. బ్రేకు పడుతుంది. బుధవారం, శనివారం గాలిలో తేమ ఎక్కువ ఉండి ఉండాలి. త్రినాధరావు షాపు దగ్గరే ఎందుకంటే, అక్కడ రెండు మేడల మధ్య సందు ఉంది కదా, గాలి అందులోంచి దూసుకువస్తుంది. నా వివరణ చదివి మా గదిలో అమ్మాయి, "సముద్రం పక్కన ఉన్న మన హాస్టలు తలుపులు బిగుసుకుపోవడం లేదే?" అంది. అసూయకు నిఘంటువులో పదకొండు పర్యాయపదాలు ఉన్నాయి.

చేయవలసింది సులభం. పట్టీని ఒక రంధ్రం శిథిలీకరించుము. అంటే వదులు చెయ్యి.

నీ మేనకోడలు,
షెకీనా

తా.క. నీ ఉత్తరంలో ఆగిన రోజులు చూస్తే నాకూ విచిత్రంగానే ఉంది. ఆ సాయంత్రాలే ఇక్కడ క్రికెట్టు గోలతో నాకు తల పగిలింది. మనిద్దరికీ ఒకే రోజున కష్టాలు వస్తున్నాయి మావయ్యా. దీన్నే రక్తసంబంధం అంటారు.


అనకాపల్లి,
11 మార్చి 2003

షెకీనాకు,

దీవెనలు. మీ అత్త ఉపవాస దినాలు పట్టింది. నేను టీ మానేశాను. బండి ఆగడం మానలేదు.

నువ్వు చెప్పినట్టు ఒక రంధ్రం వదులు చేశాను. తరవాతి శనివారం మళ్ళీ ఆగింది. అదీ మామూలుగా కాదు, చాలాసేపు. షాపు ముందు నిండా జనం. నేను నవాబును బతిమాలుతున్నాను. జనం ఒక్కసారిగా ఓ అని అరిచారు. నన్ను చూసే నవ్వుతున్నారనుకుని తలగుడ్డ మొహం మీదకు లాక్కున్నాను. పోయిన శుక్రవారం ఆగింది. నిన్న సోమవారం కూడా ఆగింది. కాబట్టి బుధ, శని వారాల లెక్క పోయింది. నీ ఒంటె మూపురం చెరిపేయి. సోమవారం ఎందుకో మీ అత్తకు కూడా తెలియలేదు. అది తెలియకపోవడం దానికి చాలా కష్టంగా ఉంది.

మన పాస్టరు గారిని తీసుకొచ్చి నవాబు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయించాను. నవాబు ఆయన జేబులోని అరటిపండు తిన్నాడు. బండి మారలేదు.

సిస్టరు గారికి కబురు ఎవరు చేర్చారో గానీ చేరింది. బడి గేటు దగ్గర నన్ను ఆపి, "కృపానిధి గారూ, మీ బండి వాలులో ఆగడం లేదని నేను బ్రేకు పెట్టించమన్నాను. ఇప్పుడు చదునులో కూడా వెళ్ళడం లేదట. ఇది పరిష్కారమా?" అని అడిగారు. నేను "తేమ, సిస్టర్" అన్నాను. ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసి, "శుక్రవారం సాయంత్రం. నేను ముందు సీటులో కూర్చుంటాను" అని వెళ్ళిపోయారు.

బీచ్ గుర్రాలాయన ఆదివారం వచ్చాడు. నవాబు పళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళాడు. ఆయన వెళ్ళాక నవాబు దాణా ముట్టలేదు. నేనూ అన్నం ముట్టలేదు. మీ అత్త ఇద్దరినీ తిట్టి, ఇద్దరి గిన్నెలూ మళ్ళీ మా ముందుకు తోసింది.

ఏదో ఒకటి ఆలోచించు తల్లీ. బ్రేకు అసలు తీసేద్దామంటే వంతెన భయం. ఉంచుదామంటే టీవీల షాపు భయం.

ఇట్లు,
మావయ్య

తా.క. త్రినాధరావు నా పేరు రాసిన టీవీకి గుడ్డ కూడా కప్పాడు, దుమ్ము పడకుండా. కనబడితే తప్పించుకు తిరుగుతున్నాను.


పాలిటెక్నిక్ హాస్టలు,
12 మార్చి 2003

ప్రియాతిప్రియమైన మావయ్యకు,

వందనాలు. నీ ఉత్తరం చదివి రాత్రి భోజనానికి వెళ్ళలేదు. తేమ సిద్ధాంతాన్ని ఉపసంహరించుకుంటున్నాను. అది తొందరపాటు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నిజం.

నవాబు తెలివైనవాడు. వెనక్కి కాచుకుంటే బండి ఆగుతుందని వాడికి అర్థమైపోయింది. బ్రేకు మనం వాడికే ఇచ్చేశాం మావయ్యా! ఇన్నాళ్ళూ ఎక్కడ ఆగాలో నువ్వు చెప్పావు, ఇప్పుడు వాడు చెబుతున్నాడు. టీవీల షాపు అద్దంలో తన రూపం చూసుకోవడానికి ఆగుతున్నాడు. కొన్ని రోజులే ఎందుకంటే, కొన్ని రోజులే వాడు తనకు తాను నచ్చుతాడేమో. నాకూ అంతే.

విరుగుడు రెండు. ఒకటి, వాడి కళ్ళకు పక్కలు కనబడకుండా గంతలు కట్టు. రెండు, పట్టీని చిట్టచివరి రంధ్రం దాకా శిథిలీకరించుము. వాడు కొంచెం కాచుకుంటే పడకూడదు. వంతెన వాలులో బండి గట్టిగా తోసినప్పుడే పడాలి. లెక్క వేసి చూశాను, చాలినంత బిగువు ఉంటుంది. ఈసారి చుట్టుకొలత ఒక్కసారే వేశాను కాబట్టి జవాబు ఒక్కటే వచ్చింది.

ఇది ఎక్స్‌ప్రెస్ కవరులో పంపుతున్నాను. శుక్రవారం మధ్యాహ్నానికి అందాలి. నవాబుకు నా ముద్దులు. వాడిని ఎవరికీ ఇవ్వకు.

నీ షెకీనా

తా.క. శుక్రవారం మళ్ళీ మనవాళ్ళ ఆటట. హాస్టలు పిల్లలు నన్ను కూడా ప్రార్థన చేయమన్నారు. నా ప్రార్థన ఆ సాయంత్రం వేరే చోట అవసరమని చెప్పాను.


అనకాపల్లి,
15 మార్చి 2003

మా బంగారు షెకీనాకు,

మావయ్య, అత్త దీవెనలు. ఈ ఉత్తరాన్ని కూర్చుని చదువు. నేను కూడా కూర్చునే రాస్తున్నాను.

నీ కవరు నిన్న మధ్యాహ్నం అందింది. పట్టీని చివరి రంధ్రానికి వదిలాను. నవాబుకు గంతలు కట్టాను. సాయంత్రం సిస్టరు గారు వచ్చి నా పక్కన ముందు సీటులో కూర్చున్నారు. వెనక గూడులో పిల్లలు చేతులు కట్టుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ ముందుకు జరిగి కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా నేను గొంతు చించుకున్నా ఒక్కనాడూ జరగని పిల్లలు! నేను "జరగండర్రా ముందుకి" అనాల్సిన అవసరమే రాలేదు.

టీవీల షాపు వచ్చింది. బయట జనం. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి షాపు దాటేశాం. బండి ఆగలేదు! మా షెకీనా మహాజ్ఞాని అని మనసులో అనుకున్నాను. అది కాసేపే.

వంతెన ఎక్కి దిగడం మొదలుపెట్టాం. నవాబు వెనక్కి కాచుకున్నాడు. పట్టీ బిగియలేదు. ఇంకా కాచుకున్నాడు. పట్టీ వాడి తొడల వెనక ఊగుతోంది తప్ప బిగియలేదు. నువ్వు శిథిలీకరించుము అన్నావు, నేను శిథిలీకరించాను. బండి తోస్తోంది, నవాబు గిట్టలు జారుతున్నాయి, కింద అదే చెరకు రసం బండి. దాని యజమాని మమ్మల్ని చూసి గ్లాసులు తీసి లోపల పెట్టుకుంటున్నాడు. నేను పగ్గాలు లాగుతూ "ప్రభువా! ప్రభువా!" అని అరుస్తున్నాను. సిస్టరు గారు కూడా అరుస్తున్నారు, ఆమె లాటిన్‌లో.

అప్పుడు వెనక నుంచి ఐదో తరగతి సుజి గొంతు వినబడింది. గట్టిగా ఒకే ఒక్క మాట.

"స్కోరూ!"

ఆ మాటతో పిల్లలంతా ఒక్క ఉరుకున బండి వెనక అంచుకు దూకారు. బండి వెనక భాగం దబ్బున కిందికి దిగింది. ముందు కర్రలు పైకి లేచాయి. కర్రలకు కట్టిన పట్టీ నవాబు తొడలకు బిగుసుకుంది. దిమ్మలు చక్రాలను పట్టుకున్నాయి. వంతెన సగంలో బండి టక్కున ఆగిపోయింది. అచ్చం టీవీల షాపు ముందు ఆగినట్టు.

తరవాత సిస్టరు గారు ముసుగు సర్దుకుని దిగి, వెనక్కి వెళ్ళారు.

"స్కోరు అన్నది ఎవరు?"

"నేనే సిస్టర్" అంది సుజి.

"ఆ మాట ఏమిటి?"

"బ్రేకు, సిస్టర్."

ఇక అన్నీ బయటకు వచ్చాయి. మొదటిసారి షాపు టీవీలో క్రికెట్టు చూడాలని అందరూ వెనక్కి తొంగి చూస్తే బండి ఆగిందట. వాళ్ళూ ఆశ్చర్యపోయారట. ఆ తరవాత మనవాళ్ళ ఆట ఉన్న రోజునల్లా షాపు దాటగానే సుజి "స్కోరు" అనడం, అందరూ వెనక్కి ఉరకడం, ఆగడం. నేను దిగి ముందుకు వెళ్ళి నవాబును బతిమాలేంతసేపూ వాళ్ళు హాయిగా ఆట చూసుకోవడం. చాలనుకున్నాక ముందుకు జరిగితే బండి వదిలేస్తుంది. నవాబుకి రెస్టివ్వు తాతా అంటే ఇదన్నమాట. మీ అత్త ఇప్పుడు ఆ కన్నీళ్ళు వెనక్కి ఇచ్చేయమంటోంది.

సిస్టరు గారు పిల్లల్ని ముందుకు జరగమన్నారు, బండి కదిలింది. వెనక్కి జరగమన్నారు, ఆగింది. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కు. ట్రాఫిక్ ఆగిపోయింది. వెంకటరమణ ఆటోలోంచి తల బయటపెట్టి, "తోయమంటారేటి సిస్టరమ్మా?" అన్నాడు. ఆమె చూసిన చూపుకు ఆటో దానంతటదే రివర్సులో వెళ్ళింది.

నా పని అయిపోయిందనుకున్నాను. నీ ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టాను, నా సొంత తెలివి కాదని తెలియడానికి. (నువ్వు ఏమీ అనుకోకు. ఆ సమయానికి నేను ఎవరి మీదకైనా తోసేసేవాణ్ణి. నవాబు మీదకు కూడా తోయబోయాను.) ఆమె రోడ్డు మధ్యలో నిలబడి మొత్తం చదివారు.

"కృపానిధి గారూ, పట్టీ మొదట ఏ రంధ్రంలో ఉండేది?"

"మొదటిదాన్లో, సిస్టర్."

"అప్పుడు వంతెన మీద పడేదా?"

"పెళ్ళికూతురులా దిగేది, సిస్టర్."

"మరైతే బ్రేకు బాగానే ఉంది. దాన్ని పాడుచేసింది ఈ ఉత్తరం. మొదటి రంధ్రానికి బిగించండి."

బిగించాను. వెనక్కి తిప్పుకుని పైకి వెళ్ళి, పిల్లల్ని ముందుకు కూర్చోబెట్టి మళ్ళీ దిగాం. ఎవరూ ఏమీ అనకుండానే నవాబు కాచుకున్నాడు, బ్రేకు పడింది, చెరకు రసం బండికి చాలా ఇవతలే ఆగాం. సిస్టరు గారు పిల్లల వైపు తిరిగి, "స్కోరు అన్న మాట ఈ వంతెన మీద, అదీ ప్రాణం మీదకు వచ్చినప్పుడు తప్ప, ఇంకెక్కడా వినబడకూడదు" అన్నారు. నా వైపు తిరిగి, "ట్రిప్పు మీదే" అన్నారు. నేను నవాబు మెడ పట్టుకుని ఏడ్చాను. వాడు నా తలగుడ్డ నమిలాడు. బీచ్ ఆయనకు రావద్దని పక్కింటి ఫోనులోనే చెప్పేశాను. వీధంతా విని చప్పట్లు కొట్టింది.

నీ మొదటి ఉత్తరం ఈ కవరులో తిప్పి పంపుతున్నాను. మీ అత్త దగ్గర ఎర్ర సిరా పెన్ను తీసుకుని, స్వయంచాలక అన్న మాట కింద గీత గీసి, పక్కన "కొంతవరకు" అని రాశాను. పదికి ఏడు వేశాను. మూడు మార్కులు ఐదో కాలికి తగ్గించాను. గోడకు అంటించుకో.

పిల్లలు తమ పేర్లు నీ రికార్డు పుస్తకంలో ఉండాలంటున్నారు. విడిభాగాల కింద రాయి, ఊరుకుంటారు.

ఇట్లు,
మీ మావయ్య కృపానిధి

తా.క. పిల్లలందరినీ ఇళ్ళ దగ్గర దించాక సిస్టరు గారిని కాన్వెంటుకు తీసుకెళ్ళాలి కదా. ముందు సీటులో ఎండ మొహానికి కొడుతోందని ఆమె వెనక గూడులో కూర్చున్నారు. బండిలో ఒక్క పిల్లా లేదు. నేను హాయిగా పాట పాడుకుంటూ వస్తున్నాను. త్రినాధరావు షాపు దాటామో లేదో, బండి టక్కున ఆగింది. దిగలేదు, నవాబును బతిమాలలేదు. మెల్లగా వెనక్కి తిరిగి చూశాను. సిస్టరు గారు వెనక అంచున, మెడ బయటకు చాచి ఉన్నారు. చాలాసేపటికి నన్ను గమనించి, గభాలున లోపలికి జరిగి, "ఎందుకు ఆగింది కృపానిధి గారూ?" అని అడిగారు.

"తేమ, సిస్టర్" అన్నాను. నీ చదువు వృథా పోలేదమ్మా.